మెదడులో కొత్త మొలకలు – వాటిని కనిపెట్టుకుని ఉండే కణాలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాము. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగులో పెద్ద సభ ముందు మాట్లాడడం మాకు అలవాటు తక్కువ. మాటల్లో తప్పులుంటే పెద్దలు మన్నించాలని కోరుతున్నాము. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. చదువు గొప్పతనం గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి మేము చదువు చేరే చోటును గురించి, అనగా మెదడును గురించి చెప్పదలిచాము. దానికి ఒక కారణం ఉన్నది. ఆ కారణం మా తప్పే.

రెండేళ్ళ క్రితం సంగతి. మన సంఘం వారు మసీదు వెనుక గదిలో నడుపుతున్న రాత్రి బడికి ఒక చాచా వచ్చారు. దర్జీ పని చేస్తారు. వయసు అరవై దాటింది. బ్యాంకులో వేలిముద్ర వేయడం ఆయనకు ఇష్టం లేదు. తెలుగులో సంతకం చేయడం, వీలైతే కాగితం చదవడం నేర్చుకుందామని పలక తెచ్చుకున్నారు. మొదటి రోజే "అ", "ఆ" తారుమారు చేశారు. మేము నవ్వుతూ ఒక మాట అన్నాము: "చాచా, ఈ వయసులో దిమాగులో కొత్త కణాలు పుట్టవు. ఉన్నవి అరిగిపోతూ ఉంటాయి. మెల్లగా చూద్దాం లెండి." ఆయన కూడా నవ్వారు. మర్నాడు రాలేదు. మూడో రోజూ రాలేదు. ఒక కుర్రవాణ్ణి పంపి కనుక్కుంటే, "మా దిమాగు అయిపోయిందని మాస్టర్ సాబే చెప్పారు కదా" అన్నారట.

ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే మేము వేళాకోళానికి అన్నా, అది నిజమనే నమ్మి అన్నాము. మేము చదువుకున్నప్పుడు మా ఉస్తాదులు అదే చెప్పారు. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద మేమూ అదే రాస్తున్నాము: చర్మం మళ్ళీ పుడుతుంది, రక్తం మళ్ళీ పుడుతుంది, నాడీకణం మాత్రం పోతే పోయినట్టే. సరే, ఒకసారి సరిచూద్దామని పుస్తకాలు తెరిచాము. తెరిచిన తరువాత తెలిసింది, మేము చెబుతున్నది పాతబడిపోయి చాలా కాలమైందని.

ముందుగా, ఆ పాత మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాము. స్పెయిన్ దేశంలో సాంటియాగో రమోన్ ఇ కహాల్ అనే మహానుభావుడు ఉండేవాడు. మెదడు అంతా ఒకటే వల కాదని, వేరు వేరు నాడీకణాల కూడిక అని సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మలు గీసి నిరూపించినవాడు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. పెద్దవాళ్ళ మెదడులో దారులన్నీ బిగిసిపోయి ఉంటాయని, అక్కడ అన్నీ చావవచ్చు గాని కొత్తది పుట్టదని ఆయన రాశాడు. అంత పెద్దాయన మాట కాబట్టి లోకమంతా దాన్ని పట్టుకుంది. అయితే, భవిష్యత్తులో శాస్త్రం దీన్ని మార్చగలిగితే మార్చాలన్న ఆశ కూడా ఆయనకు ఉండేది. మనవాళ్ళు మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు.

1960 తరువాత అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చేశాడు. కొత్త కణం పుట్టాలంటే దానికి కొత్త డి.ఎన్.ఎ. కావాలి. ఆ డి.ఎన్.ఎ. తయారీలో వాడే ఒక సరుకుకు కొంచెం రేడియో ధార్మికత అంటించి ఎలుకలకు ఎక్కించాడు. పాలలో రంగు కలిపితే పెరుగులోనూ ఆ రంగు కనబడినట్టు, ఆ తరువాత పుట్టిన కణాల్లో మాత్రమే ఆ గుర్తు కనబడాలి. పెద్ద ఎలుకల మెదడులో కూడా గుర్తు పడిన నాడీకణాలు కనబడ్డాయి. 1965లో ఆయన, గోపాల్ దాస్ అనే సహచరుడు కలిసి ఈ సంగతి వివరంగా ప్రచురించారు. పెద్దలు చాలామంది నమ్మలేదు. సుమారు ఇరవై ఏళ్ళు ఆ పని మూలన పడి ఉన్నది. 1980ల మొదట్లో ఫెర్నాండో నోటెబోమ్ అనే ఆయన కెనరీ పిట్టల మెదడులో, పాట నేర్చుకునే భాగంలో, పెద్ద పిట్టలకు కూడా కొత్త నాడీకణాలు పుడతాయని చూపించిన తరువాతే జనం మళ్ళీ ఆ వైపు చూశారు.

మరి మనుషుల సంగతి? మనిషి మెదడుకు రేడియో గుర్తు అంటించి, తరువాత కోసి చూడలేము కదా. ఇక్కడ ఒక హృదయం కరిగించే సంగతి ఉన్నది. కొందరు క్యాన్సర్ రోగులకు, గడ్డ ఎంత వేగంగా పెరుగుతున్నదో తెలుసుకోవడానికి, వైద్యులు అలాంటి గుర్తు మందునే ఇచ్చేవారు. అది కొత్తగా పుట్టే ప్రతి కణంలోనూ చేరుతుంది. అలాంటి ఐదుగురు రోగుల మెదడును, వాళ్ళు కాలం చేసిన తరువాత, పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ అనే శాస్త్రజ్ఞులు వారి బృందంతో పరీక్షించారు. 1998లో ఫలితం చెప్పారు. యాభై ఏడు మొదలు డెబ్బై రెండేళ్ళ వరకు వయసున్న ఆ మనుషుల మెదడులో కూడా గుర్తు పడిన కొత్త నాడీకణాలు ఉన్నాయి. తమ చావు దగ్గర పడుతున్న రోజుల్లో, వాళ్ళ మెదడులో కొత్త మొలకలు వచ్చాయన్న మాట. ఆ ఐదుగురి పేర్లు మనకు తెలియవు. వాళ్ళ రుణం మాత్రం మనందరి మీదా ఉన్నది.

2013లో స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం మరో ఉపాయం పన్నింది. 1963 ఒప్పందానికి ముందు పెద్ద దేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. దానితో గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది. అది పైరులోకి, పశువులోకి, మన అన్నంలోకి, చివరికి అప్పుడు పుట్టిన కణాల డి.ఎన్.ఎ.లోకి చేరింది. ఆ కార్బన్ పాళ్ళు కొలిస్తే కణం ఏ ఏట పుట్టిందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క ప్రకారం పెద్ద మనిషి మెదడులో ఒక చిన్న భాగంలో, ఒక్కో వైపున, రోజుకు దాదాపు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయి. మెదడు మొత్తంలో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. అందులో 700 అంటే సముద్రంలో చెంచాడు నీళ్ళు. కాని చెంచాడు నీళ్ళు ఎక్కడ పోశామన్నదే ముఖ్యం.

ఇక్కడ మేము ఒక మాట దాచకూడదు. ఈ విషయంలో వాదం నడిచింది. 2018లో అమెరికాలోని ఒక బృందం, పెద్దవాళ్ళ మెదళ్ళలో ఎంత వెదికినా కొత్త నాడీకణాలు కనబడలేదని ప్రకటించింది. అదే ఏడు ఇంకో బృందం, ముసలితనంలో కూడా కనబడుతున్నాయని చెప్పింది. 2019లో మాడ్రిడ్ శాస్త్రజ్ఞులు, చనిపోయిన తరువాత మెదడును త్వరగా, జాగ్రత్తగా భద్రపరిస్తే కొత్త కణాలు వేల సంఖ్యలో కనబడతాయని, అల్జీమర్స్ మతిమరుపు జబ్బు ఉన్నవారిలో అవి బాగా తగ్గుతాయని చూపించారు. 2025లో ఫ్రిసెన్ బృందం, పెద్దవాళ్ళలో కూడా కొత్త నాడీకణాలకు జన్మనిచ్చే విభజన కణాలను గుర్తించింది. అందరిలో ఒకే లెక్కన కాదు, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉన్నది. కాబట్టి పుడతాయన్న వైపే సాక్ష్యం బరువుగా ఉన్నది. ఎన్ని పుడతాయన్నదాని మీద వాదం ఇంకా ముగియలేదు.

ఆ చిన్న భాగం పేరు హిప్పోకాంపస్. సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారు. రెండు చెవులకూ లోపలి వైపున, ఒక్కోటి ఉంటుంది. మన ఇబ్నె సీనా గారు దాదాపు వెయ్యేళ్ళ క్రితమే, హాఫిజాకు అనగా జ్ఞాపకశక్తికి మెదడు వెనుక గదిలో ఒక చోటు చూపించారు. ఆయన చూపిన చోటు ఇది కాదు గాని, జ్ఞాపకానికి మెదడులో ఒక చిరునామా ఉంటుందన్న ఆలోచన మాత్రం నిలిచింది. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడికి రెండు వైపులా ఈ భాగం చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కాని ఆనాటి నుంచి 2008లో కన్నుమూసే వరకు ఆయనకు కొత్త సంగతి ఏదీ గుర్తు నిలవలేదు. ఉదయం పలకరించిన మనిషిని మధ్యాహ్నం కొత్తవాడిలా పలకరించేవాడు.

కొత్త కణాలు అక్కడ చేసే పని ఏమిటి? ఎలుకల మీద జరిగిన పరీక్షల్లో తేలింది ఏమిటంటే, ఒకదాన్ని పోలిన మరొకదాన్ని వేరు చేసి గుర్తుపెట్టుకోవడానికి అవి సాయపడతాయి. మన భాషలో చెప్పుకుందాం. జుమ్మా నాడు మసీదు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తాము. పోయిన వారం ఎక్కడ విడిచామో, ఈ వారం ఎక్కడ విడిచామో, రెండూ కలిసిపోకుండా ఉండాలి కదా. కలిసిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. నవ్వుతున్నారు, అంటే అనుభవం ఉన్నట్టే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. కొత్త కణం పుట్టడం ఒక ఎత్తు, బతకడం మరో ఎత్తు. మామిడి చెట్టును చూడండి. పూతంతా పిందె కాదు, పిందె అంతా పండు కాదు. మెదడులో కూడా అంతే. పుట్టిన కణాల్లో ఎక్కువ భాగం రోజుల్లోనే రాలిపోతాయి. మరి రాలినదాన్ని ఎవరు ఎత్తుతారు? ఆ పని చేసేవాళ్ళే నేటి మా ప్రసంగానికి నాయకులు. వాళ్ళ పేరు మైక్రోగ్లియా. మెదడులోని రోగనిరోధక కణాలు.

వీటిని విడిగా గుర్తించి పేరు పెట్టినది, 1919లో, పీయో దెల్ రియో ఓర్తెగా అనే స్పెయిన్ దేశస్థుడు. ఆయన మాడ్రిడ్‌లో కహాల్ గారి నీడలోనే పని చేసినవాడు. కహాల్ గారు ఒకటే జాతి అని వదిలేసిన కణాల్లో, వెండి ఉప్పుతో కొత్త రంగు పట్టించి, రెండు జాతులున్నాయని శిష్యుడు చూపించాడు. గురువు గారికి అది వెంటనే రుచించలేదు. ఇద్దరికీ ఎడం వచ్చింది. అయినా కాలం శిష్యుడి మాటే నిలబెట్టింది. పిల్లలారా, మాస్టర్ చెప్పినది కూడా సరిచూడవచ్చు. అదబ్‌తో, సాక్ష్యంతో సరిచూడాలి, అంతే.

ఈ మైక్రోగ్లియా మెదడులో పుట్టినవి కావు. ఎలుకల్లో చేసిన పరిశోధన 2010లో వెల్లడయింది. పిండం ఇంకా చిన్న ముద్దగా ఉన్నప్పుడే, పచ్చసొన సంచి అనే చోట పుట్టి, మెదడు కట్టడం మొదలవుతుండగానే అక్కడికి వలస పోతాయి. ఇల్లు కట్టకముందే వచ్చి, ఇంటితో పాటు పెరిగి, ఇక ఆ ఇంటివాళ్ళే అయిపోతాయి. వలస వచ్చినవాళ్ళు ఇంటివాళ్ళు ఎలా అవుతారో మనకు వేరే చెప్పనక్కర లేదు.

అవి చేసే పని ఏమిటో చాలా కాలం సరిగా తెలియలేదు. దెబ్బ తగిలినప్పుడు, జబ్బు వచ్చినప్పుడు ముందుకొస్తాయి, మిగతా సమయంలో నిద్రపోతాయి అనుకున్నారు. 2005లో బతికి ఉన్న ఎలుక మెదడులోకి ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో తొంగి చూశారు. నిద్ర ఎక్కడిది! ప్రతి కణమూ తన సన్నని చేతులు చాపుతూ, ముడుస్తూ, చుట్టుపక్కల తడుముతూనే ఉన్నది. రాత్రి గస్తీ తిరిగే చౌకీదారు గోడలు తట్టినట్టు, కొన్ని గంటల్లోనే మెదడునంతా ఒకసారి తడిమి చూస్తాయి.

ఇక కొత్త కణాలతో వీటికి సంబంధం ఏమిటి? 2010లో అమాండా సియెర్రా అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఎలుకల హిప్పోకాంపస్‌లో లెక్క పెట్టి చూశారు. పుట్టిన కణాల్లో ఎక్కువ భాగం మొదటి నాలుగు రోజుల్లోనే చనిపోతున్నాయి. చనిపోయినదాన్ని పక్కనున్న మైక్రోగ్లియా చెయ్యి చాపి, గిన్నెలా చుట్టి, మింగేస్తున్నది. సుమారు గంటన్నరలో అక్కడ ఏమీ లేనట్టే. అందుకే ఇంతకాలం ఆ చావులు ఎవరి కంటా పడలేదు. శవం రెండు గంటలు కూడా వీధిలో ఉండదు మరి.

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. తినడం వేరు, చంపడం వేరు. ఆ కణాలు తమ లోపలి ఏర్పాటు ప్రకారం తామే రాలిపోతాయి. రాలే కణం రెండు పనులు చేస్తుంది. ఒకటి, "ఇక్కడున్నాను" అని రసాయన సంకేతం వదులుతుంది. రెండు, తన పొరలో లోపలి వైపు ఉండవలసిన ఒక కొవ్వు పదార్థాన్ని బయటికి తిప్పుతుంది. చొక్కా తిరగేసి వేసుకున్నట్టు. అది చూసి మైక్రోగ్లియా దగ్గరికి వస్తుంది. వెంటనే ఎత్తకపోతే ఆ శవం పగిలి, లోపలి సరుకు బయటికి కారి, పక్కనున్న మంచి కణాలను పాడుచేస్తుంది. వీధిలో చెత్త నాలుగు రోజులు ఎత్తకపోతే ఏమవుతుందో మన పేటవాళ్ళకు చెప్పాలా!

ఇంకో సంగతి. ఊడ్చిన తరువాత కూడా వీటి పని అయిపోదు. 2020లో అదే సియెర్రా బృందం చూపించినది ఏమిటంటే, చచ్చిన కణాన్ని తిన్న మైక్రోగ్లియా కొన్ని రసాయనాలను బయటికి విడుస్తాయి, వాటి వల్ల ముందు ముందు ఎన్ని కణాలు పుట్టాలి, ఏ రకంగా ఎదగాలి అన్నది సర్దుబాటు అవుతుంది. అనగా ఊడ్చేవాడే రాలిన పిందెలు లెక్కపెట్టి తోటమాలికి కబురు చెబుతున్నాడు. ఈ పని ఆగితే తోట మొత్తం లెక్క తప్పుతుంది.

మూర్ఛ, అనగా ఫిట్స్ జబ్బు వచ్చినప్పుడు అలా లెక్క తప్పడం ఎలుకల్లో చూశారు. 2016లో వచ్చిన పరిశోధన అది. మెదడులో ఒక్కసారిగా అన్ని కణాలూ కేకలు పెట్టినట్టు అవుతుంది. సంకేత రసాయనం అన్ని చోట్లా నిండిపోతుంది. పెళ్ళి ఊరేగింపులో నాలుగు మైకులు ఒకేసారి మోగితే, పక్కింటి ముసలమ్మ పిలుపు ఎవరికి వినబడుతుంది? అలాగే చనిపోతున్న కణం ఎక్కడున్నదో మైక్రోగ్లియాకు తెలియదు. శవాలు పేరుకుంటాయి. మన పేటలో ఫిట్స్ వచ్చే పిల్లలున్న తల్లిదండ్రులకు మేము చేతులు జోడించి చెబుతున్నాము: దుఆ చేయించండి, తప్పు లేదు. కాని డాక్టరు ఇచ్చిన మాత్ర ఒక్క పూట కూడా మానకండి.

మరి ఈ చౌకీదారులు ఎప్పుడూ మంచివాళ్ళేనా? కాదు. ఒంట్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్, మెదడుకు దెబ్బ, రేడియేషన్ – ఇలాంటివి వచ్చినప్పుడు వీటి రూపు మారుతుంది. సన్నని చేతులు ముడుచుకుని, ఒళ్ళు లావెక్కి, కోపం రసాయనాలు కక్కుతాయి. దీన్నే మెదడు లోపలి వాపు అంటారు, మన ఉర్దూలో సూజన్. 2003లో రెండు చోట్ల, స్వీడన్‌లోని లుండ్‌లోనూ, అమెరికాలో మిషెల్ మోంజే పని చేసిన బృందంలోనూ, ఎలుకల్లో ఒకే సంగతి బయటపడింది: వాపు ఎక్కువైతే కొత్త నాడీకణాలు తగ్గిపోతాయి, వాపు తగ్గించే మందిస్తే మళ్ళీ చాలావరకు పెరుగుతాయి. చౌకీదారే కర్ర పట్టుకుని ఇంట్లో పిల్లల మీద పడ్డట్టు.

అంటే చౌకీదారును తీసేస్తే సరిపోతుందా? అదీ కాదు. మామూలు రోజుల్లో అదే కణం ఊడుస్తున్నది, కబురు చెబుతున్నది. నాడీకణాలు కూడా దాన్ని శాంతపరిచే ఒక సంకేతం పంపుతూ ఉంటాయి. 2011లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఎలుకల్లో ముసలితనంతో ఆ సంకేతం పలచబడుతుంది. అప్పుడు చౌకీదారుకు చిరాకు ఎక్కువవుతుంది, కొత్త కణాలు తగ్గుతాయి. కాని 2012లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు, పరుగెత్తే ఎలుకల మైక్రోగ్లియా కొత్త కణాల మూలాలకు తోడ్పడతాయని చూపించారు. కాబట్టి కణం ఒకటే. దాని స్వభావం చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి మారుతుంది. మేము ఈ రెండేళ్ళలో చదివినదాంట్లో మా మనసుకు బాగా పట్టినది ఈ మాటే.

ఇప్పుడు "మాకేం చేయమంటారు మాస్టర్ సాబ్?" అని అడుగుతారు. మొదట, చేయకూడనిది చెబుతాము. ఎలుకలకు వాపు మందు పని చేసిందని మనం మందుల దుకాణానికి పరుగెత్తకూడదు. ముసలివాళ్ళ మీద ఏళ్ళ తరబడి చేసిన పెద్ద పరీక్షల్లో, నొప్పి, వాపు తగ్గించే మాత్రలు మతిమరుపు జబ్బును ఆపలేకపోయాయి. పైగా అలాంటి మాత్రలు అదే పనిగా వాడితే కడుపు, మూత్రపిండాలు పాడవుతాయి. మెదడు కణాలు పెంచుతామని సీసాల మీద రాసి అమ్మే టానిక్కులకు కూడా ఈ పరిశోధనల్లో ఎక్కడా సాక్ష్యం లేదు. మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.

చేయదగినది రెండు మాటల్లో చెబుతాము. ఒకటి, నడక. 1999లో అమెరికాలోని సాల్క్ సంస్థలో, చక్రం మీద పరుగెత్తే ఎలుకల్లో కొత్త నాడీకణాలు ఎక్కువయ్యాయని చూశారు. మనుషుల్లో 2011లో వచ్చిన ఒక పరీక్షలో 120 మంది పెద్దవాళ్ళను తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు నడిపించారు. ఏడాది తరువాత, నడిచినవాళ్ళ హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. నడవనివాళ్ళది కొంచెం తగ్గింది. ఆ పెరుగుదల కొత్త కణాల వల్లే అని మేము చెప్పము. రక్తనాళాలు, కణాల కొమ్మలు పెరిగి ఉండవచ్చు. కారణం ఏదైనా లాభం లాభమే. షుగరు, బి.పి. ఉన్నవాళ్ళకు నడక మెదడుకే కాదు, ఒంటికంతటికీ మేలు. మా తల్లులు, అక్కలు ఫజర్ తరువాత నలుగురు కలిసి నడిస్తే ఎవరేమంటారు? అనేవాళ్ళు వచ్చి మాతో మాట్లాడమనండి.

రెండోది, నేర్చుకోవడం. 1999లోనే ఎలిజబెత్ గూల్డ్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం ఎలుకల్లో చూపించినది ఏమిటంటే, హిప్పోకాంపస్‌కు పని పెట్టే పాఠం నేర్పితే, రాలిపోవలసిన కొత్త కణాల్లో ఎక్కువ బతుకుతాయి. పుట్టిన కణానికి పని దొరకాలి, పాత కణాలతో చుట్టరికం కలవాలి. రెండూ దొరికితే నిలుస్తుంది. లేకపోతే రాలుతుంది, ఊడ్చేవాడు ఎత్తుకుపోతాడు. మనిషి నేర్చుకునేది కొత్త కణాలతోనే అనుకోకండి. పాత కణాల మధ్య కొత్త లంకెలు పడడం ఇంకా పెద్ద దారి, అది చివరి దాకా తెరిచే ఉంటుంది. ఏ దారిన చూసినా, "ఈ వయసులో ఏం వస్తుంది" అనే మాటకు శాస్త్రంలో చోటు లేదు.

ఇది చదువుతున్నప్పుడు మాకు మన సంఘం లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. ప్రతి ఏడూ ఎంతమంది పిల్లలను బడిలో చేర్పించామో గర్వంగా చదువుతాము. చేరినవాళ్ళలో ఎందరు నిలిచారో చదవము. ఏడో తరగతిలో చేరి ఎనిమిదిలో పంక్చర్ షాపుకు పోయిన పిల్లవాడు, పదో తరగతి ముందే నికాహ్ అయిపోయిన పిల్ల – వీళ్ళు ఎవరికీ కనబడకుండా మాయమవుతారు. కణం గంటన్నరలో మాయమయినట్టే. అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. మెదడులో కొన్ని కణాలు రాలడం అల్లాహ్ పెట్టిన ఏర్పాటు. పిల్లలు కణాలు కారు. ఒక్క పిల్లవాడు రాలడం కూడా ఏర్పాటు కాదు, అది మన అశ్రద్ధ. కాబట్టి సంఘం పెద్దలకు మా మనవి: వచ్చే ఏడు ఈ వేదిక మీద చేర్పించిన వాళ్ళ లెక్కతో పాటు, నిలిచిన వాళ్ళ లెక్క కూడా చదవండి. మానేసిన ప్రతి పిల్లవాడి ఇంటికి ఒకరు వెళ్ళాలి. ఆ పనికి మొదటి పేరు మాది రాసుకోండి.

చివరగా చాచా గారి సంగతి. పుస్తకాలు చదివిన తరువాత మేము ఆయన దుకాణానికి వెళ్ళాము. "చాచా, మేము తప్పు చెప్పాము" అన్నాము. ఆయన మిషను మీద కాలు తీయకుండానే అడిగారు, "కొత్త కణాలు వచ్చాయా మాస్టర్ సాబ్?" మేము తెలిసినదంతా చెప్పాము. విని, కాలు ఆపి, "ఈ తప్పు మాట ఇంకెంతమందికి చెప్పారు?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ప్రతి తరగతిలో చెప్పామని ఒప్పుకున్నాము. "అయితే నా ఒక్కడికి చెబితే ఎలా? అందరికీ చెప్పండి" అన్నారు. అందుకే మీ ముందు నిలబడ్డాము.

ఆయన మళ్ళీ రాత్రి బడికి వస్తున్నారు. ఈ సాయంత్రం గేటు దగ్గర హాజరు పట్టీలో తెలుగులో సంతకం చేశారు. ఒక ఒత్తు తప్పు పోయింది. రేపు తరగతిలో దిద్దుకుంటాము. రాత్రి బడిలో ఇంకా పలకలు ఉన్నాయి, చాప మీద చోటు ఉన్నది. ఇషా నమాజు అయిన తరువాత ఒక గంట. ఏ వయసువారైనా రావచ్చు.

 మన పెద్దల జ్ఞాపకశక్తిని, మన పిల్లల చదువును అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.